ఆషాఢం గాలికి ఎదురుగా ఇరవై అడుగుల ఫ్లెక్సీ: నా అనుభవం

జూలై 7, సోమవారం పొద్దున్నే మా ఊరి పీర్ల పండుగ బ్యానర్‌ని చిన్న చిరుగు కూడా లేకుండా కిందికి దించాం. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు. ఇందులో గొప్పేముంది అని కోస్తావాళ్లకి అనిపించొచ్చు. మాది రామగిరి కొండల పక్క ఊరు. ఆ కొండల మీద తొంభైల్లోనే గాలిమరలు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ఆషాఢం వచ్చిందంటే పడమటి గాలి మొదలవుతుంది. రేకుల మీద రాళ్లు పెట్టుకుంటాం, చెరిగిన శనక్కాయ పొట్టు వీధి చివర వెతుక్కుంటాం. 2025లో మొహర్రం, తొలి ఏకాదశి రెండూ జూలై 6నే పడ్డాయి. అంటే బ్యానర్ నిలబడాల్సింది సరిగ్గా ఆ గాలిలోనే.

పోయినేడు కూడా అంతే, రెండూ జూలై 17నే వచ్చాయి. అప్పుడు ముప్పై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల ఎత్తు ఫ్లెక్సీ వేయించారు. అచ్చేసిన షాపు కుర్రాళ్లే వచ్చి రెండు జతల సర్వి కట్టెలు పాతి, నైలాన్ తాడుతో బిర్రుగా కట్టి పోయారు. ఆ రాత్రి ఒంటిగంటకి టపటపమని మొదలైన మోత రెండింటికల్లా ఆగిపోయింది. పొద్దున చూస్తే కట్టెలు నిలబడే ఉన్నాయి, తాడు తెగలేదు. తాడుకి ఇత్తడి రింగులు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో రింగు చుట్టూ రూపాయి బిళ్లంత ఫ్లెక్సీ ముక్క. మిగతా ఫ్లెక్సీ మొత్తం నాలుగు పొలాల అవతల కంపచెట్టుకి చుట్టుకొని దొరికింది. తాడు గట్టిది కాదని ఊళ్లో అందరూ తీర్పు చెప్పారు. ఆ రింగులు చూసిన నాకు మాత్రం తాడుది తప్పు కాదనిపించింది.

ఈసారి జూన్ 15, ఆదివారం చావిడి దగ్గర కూర్చున్నప్పుడు బ్యానర్ పని నా మీద పెట్టారు. ధర్మవరంలో నాకు జిరాక్స్ షాపుంది కదా, అచ్చు, ఫ్లెక్సీ, బ్యానర్ అన్నీ ఒకటేనని వాళ్ల లెక్క. ఆరోజు గంటన్నర కూర్చుంటే అందులో గంటసేపు ఫొటోల గొడవే. ఎవరెవరి ఫొటోలు ఉండాలి, ఎవరిది పెద్దది, ఎవరి పక్కన ఎవరు ఉండకూడదు. ఫొటోలు పెరిగేకొద్దీ సైజు పెరిగింది. మళ్లీ ముప్పై, పన్నెండు దగ్గరికే వచ్చి ఆగింది. పీర్లని చూసుకునే ముజావరు పెద్దాయన ఒక్కడే వేరే మాట చెప్పాడు. "పోయినసారి శుభాకాంక్షలు అని రాసినారు. ఇవి దుఃఖం దినాలు నాయనా, ఎవురికి శుభం? స్వాగతం అని రాయండి చాలు." అది మాత్రం అందరూ వెంటనే ఒప్పుకున్నారు.

సైజు తగ్గించడానికి నాకు పనికొచ్చింది మా బావమరిది. గాలిమరల మెయింటెనెన్సులో పనిచేస్తాడు. గాలి వేగం గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆపలేం. నా షాపులోనే ఒక రఫ్ పేపరు మీద లెక్క వేసి ఇచ్చాడు. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకొని, దాన్ని దాంతోనే హెచ్చించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుందట. భవనాలు కట్టేవాళ్లు చూసుకునే ప్రమాణాల పుస్తకం ఐఎస్ 875 మూడో భాగంలో ఉండేదీ ఇదే. గంటకి 40 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరు మీద ఏడున్నర కిలోల బరువు. బ్యానర్ లాంటి చదునైన పలకకి ఇంకో ఇరవై శాతం కలపాలన్నాడు. 20 × 8 అయితే మొత్తం నూట ముప్పై కిలోల పైమాట. 30 × 12 అయితే మూడొందల కిలోలు. గాలి 60కి పోతే చిన్నదాని మీదే మూడొందలు, పెద్దదాని మీద ఆరొందల డెబ్భై దాటుతుంది. "వేగం రెండింతలైతే బలం నాలుగింతలు బావా. ఇది మీ కమిటీవాళ్లకి చెప్పు" అన్నాడు.

చెప్పాను. కిలోలు అనేసరికి విన్నారు. ఆరొందల డెబ్భై కిలోలంటే యాభై కిలోల బియ్యం మూటలు పదమూడు పైమాట. అది రాత్రంతా కట్టెలని పడమటి నుంచి తోస్తా ఉంటుందని చెప్పాక ఫొటోలు వాటంతటవే తగ్గాయి. నాకు తెలిసినంతలో ఆంధ్ర దేశంలో ఫ్లెక్సీ మీద ఫొటోలు తగ్గించిన శాస్త్రం ఇదొక్కటే.

తర్వాత ఎక్కడ పెట్టాలన్న గొడవ. కుర్రాళ్లకి రోడ్డుకి అడ్డంగా, స్వాగత తోరణంలా ఉండాలని. కాని మా రోడ్డు మీద గడ్డి లారీలు తిరుగుతాయి. లోడు మీద లోడు వేసుకొని వస్తాయి. వాటికి తగలకుండా కనీసం పద్దెనిమిది అడుగులు ఖాళీ వదిలి, దానిపైన ఎనిమిది అడుగుల బ్యానర్ అంటే ఇరవై ఆరు అడుగుల స్తంభాలు కావాలి. ఆ మాటతోనే అడ్డం పోయింది. ఊరి మొదట్లో రోడ్డు పక్క ఖాళీ జాగా చూసుకున్నాం. పంచాయతీలో కాగితం ఇచ్చాం, రెండ్రోజులకి సరేనన్నారు.

మా ఊరి లైన్‌మన్ అన్నని నేనే పిలుచుకొచ్చి జాగా చూపించాను. ఈ పని అందరూ చేయాలి, ఎవరూ చేయరు. ఆయన వచ్చీరాగానే బ్యానర్ సంగతి అడగలేదు, చెయ్యెత్తి గాలి ఎటు నుంచి వస్తాందో చూశాడు. తర్వాత పదకొండు కేవీ కరెంటు లైను చూశాడు.

"మీరు కట్టేది లైనుకి దూరంగానే ఉండాది. కానీ తెగితే యాడికి పోతాది?"

ఆ ప్రశ్న నా బుర్రకి తట్టనే లేదు. మేం గీత గీసిన చోట బ్యానర్‌కి తూర్పున లైను ఉంది. పడమటి గాలికి తెగిన ఫ్లెక్సీ తీగతో సహా నేరుగా ఆ లైను మీదికే పోతుంది. 2020 సెప్టెంబరు 1న కుప్పం దగ్గర శాంతిపురంలో హీరో పుట్టినరోజుకి బ్యానర్ కడుతూ కరెంటు తగిలి ముగ్గురు కుర్రాళ్లు చనిపోయిన సంగతి ఆయనే గుర్తు చేశాడు. 2024 జనవరిలో కర్ణాటక గదగ్ జిల్లాలో కూడా అచ్చం అలాగే ముగ్గురు. "ఇనప పైపు నిలబెట్టేటప్పుడే తగిలేది అన్నా. కట్టినాక కాదు, ఎత్తేటప్పుడే" అన్నాడు. ఆయన మాట మీద జాగాని లైన్లేవీ లేని చెరువు గట్టు వైపుకి మార్చాం. అక్కడ తెగినా గట్టు మీద తుమ్మచెట్లకి తగులుకుంటుంది, అంతే. రోడ్డు మీద నుంచి కాస్త ఏటవాలుగా కనిపిస్తుందని కుర్రాళ్లు మూతి ముడుచుకున్నారు. ఉండనీ.

స్తంభాలు మాకు ఊరికే దొరికాయి. ఎండిపోయిన బోరు నుంచి లాగి పడేసిన జీఐ పైపులు మా జిల్లాలో ఏ పొలంలో చూసినా ఉంటాయి. రెండున్నర అంగుళాలవి, ఇరవై అడుగుల పొడవు. తుప్పు పట్టనివి, మరలు బాగున్నవి రెండు ఏరుకున్నాం. జూన్ 22, ఆదివారం గుంతలు తవ్వాం. నాలుగడుగుల లోతు అన్నాను. రెండడుగుల దాకా పార దిగింది, ఆ తర్వాత గరుసు. గడ్డపారతో కొడితే నిప్పులు రాలాయి. మూడడుగులు చాలులే అని అందరూ కూర్చున్నారు. షామియానాలు వేసే తాత ఒకాయన వచ్చి గుంతలోకి తొంగి చూసి, "పైన పదహారు అడుగులు, కింద మూడా? మీ ఇష్టం నాయనా" అని పోయాడు. ఆ 'మీ ఇష్టం' వినేసరికి మళ్లీ గడ్డపార పట్టారు. సాయంత్రానికి నాలుగు దిగింది.

ఈ తాత దగ్గర నేను నేర్చుకున్నది ఇంకోటుంది. గుంతని అడుగున వెడల్పుగా, పైన సన్నగా తవ్వించాడు. కాంక్రీటు గట్టిపడ్డాక పైకి లేవకుండా అడుగు భాగం పట్టుకుంటుందట. పైపు అడుగున రెండు ఇనప కడ్డీ ముక్కలు అడ్డంగా వెల్డింగ్ చేయించాడు, లోపల తిరగకుండా. కాంక్రీటు పోసి, గోనె సంచులు చుట్టి, రోజూ సాయంత్రం నీళ్లు పోశాం. వారం దాకా పైపుని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పినా, రెండోరోజే ఒకడు దానికి బర్రెని కట్టేశాడు.

మా బావమరిది లెక్క ప్రకారం 40 గాలికి ఈ పైపు తట్టుకుంటుంది. 60కి వంగిపోతుంది, పునాది కాడ కాదు, నేల మట్టం దగ్గరే. అందుకని స్టే వైర్లు, అంటే స్తంభం ఒరగకుండా పైనుంచి నేలకి లాగి కట్టే తీగలు. ఒక్కో స్తంభానికి మూడు: గాలికి ఎదురుగా ఒకటి, వెనక ఒకటి, బ్యానర్ లైన్లోనే బయటి వైపుకి ఒకటి. ఈ మూడోదాన్ని ఎవరూ వేయరు. కాని బ్యానర్ లాగేది స్తంభాల్ని తూర్పుకి మాత్రమే కాదు, ఒకదాని వైపు ఒకటి లోపలికి లాగుతుంది. పోయినేటి సర్వి కట్టెలు పొద్దునకి లోపలికి వాలి ఉన్నాయి, అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. స్టేలకి కింద మేకులు కొట్టలేదు. కంచెకి వేసే రాతి కూసం ముక్కల్ని మూడడుగుల లోతున అడ్డంగా పడుకోబెట్టి, వాటికి తీగ చుట్టి, మట్టి దిమ్మిస కొట్టాం.

ఇక ఫ్లెక్సీ. జూన్ 25న అనంతపురంలో ఒక షాపులో ఆర్డరిచ్చాను. రేపు సాయంత్రం తీసుకోండన్నారు. రేపు సాయంత్రం ఎల్లుండి అన్నారు. 28 రాత్రి తొమ్మిదికి చేతికొచ్చింది. ఊళ్లోకి తీసుకొచ్చి విప్పే దాకా నాకు కంటిమీద కునుకు లేదు, ఎవరి పేరైనా తప్పు పడితే మళ్లీ వేయించే టైము లేదు. ఆ షాపులో తెలిసిన విషయాలు చెప్తాను. చాలా షాపుల్లో మిషను పదడుగుల వెడల్పుది. ఎనిమిదడుగుల ఎత్తు బ్యానర్ ఒకే ముక్కలో వస్తుంది. పన్నెండడుగులైతే రెండు ముక్కలు అతికించాలి. పోయినేటిది అతుకు దగ్గర కూడా విడిపోయి ఉండటం అప్పుడు గుర్తొచ్చింది. మామూలు ఫ్లెక్స్ చదరపు అడుగు పన్నెండు రూపాయలన్నారు, స్టార్ ఫ్లెక్స్ ఇరవై. నేను స్టారే తీసుకున్నా. 160 అడుగులకి మూడువేల రెండొందలు. గాలి దూరిపోయే మెష్ అని ఒకటుంటుంది, బెంగళూరులో పెద్ద భవనాలకి వేసేది. ఇక్కడ తెప్పించాలంటే పదిరోజులన్నారు, టైము లేదు.

షాపు కుర్రాడు "అన్నా, గాలి బొక్కలు కోసిస్తా, సగం గాలి పోతాది" అన్నాడు. అర్ధచంద్రాకారంలో కోసే గాట్లు మీరూ చూసే ఉంటారు. నేను అక్కడే లెక్క వేశాను. ఆరంగుళాల అర్ధచంద్రం ఒకటి చదరపు అడుగులో పదోవంతు. ముప్పై కోసినా మూడడుగులు. నూట అరవైలో మూడంటే రెండు శాతం! దానికోసం ముప్పై చోట్ల చిరగడానికి దారి మనమే చూపిస్తాం. వద్దన్నాను. వాడు నన్ను పిసినారిని చూసినట్టు చూశాడు, గాట్లకి డబ్బులేం తీసుకోరు పాపం.

నేను అడిగిందల్లా ఒకటే: పైన, కింద పొడుగునా మడిచి, లోపల తాడు దూరేలా గొట్టం లాగా అతికించి ఇవ్వమని. గమ్ముతో కాదు, వేడి గాలి మిషనుతో. ఐదొందలు అదనం. పోయినేటి రింగులు నాకు చెప్పింది అదే. నూట ముప్పై కిలోలని పదిహేను, ఇరవై రింగులు పట్టుకుంటే ఒక్కో రింగు కాడ ఫ్లెక్సీ కొస మీద భారం పడుతుంది. ఒకటి ఊడితే దాని వాటా పక్కదాని మీదికి, అది ఊడితే దాని పక్కదానికి. గంటలో మొత్తం జిప్పు తీసినట్టు వచ్చేసింది అందుకే. మడతలో తీగ దూరిస్తే ఇరవై అడుగులూ కలిసి మోస్తాయి.

తీగ ఆరు ఎంఎం ఇనప వైరు రోపు. రెండు టన్నులకి గాని తెగదు, మాకు కావలసినదానికంటే చాలా ఎక్కువ. కాని తీగ ఫ్లెక్సీని కోస్తుంది. ఇక్కడ మా ఊరి వస్తువే పనికొచ్చింది. చీనీ తోటలో వేసే పదహారు ఎంఎం డ్రిప్ పైపు పాతది ఒక చుట్ట తెచ్చి, ముందు తీగని ఆ పైపులో దూర్చి, తర్వాత పైపుని ఫ్లెక్సీ మడతలో దూర్చాం. తీగ కదిలినా పైపులోనే రాసుకుంటుంది.

జూన్ 30, సోమవారం తెల్లవారుజామున ఐదున్నరకి ఎక్కించాం. మా దగ్గర నేల మట్టాన గాలి తగ్గేది ఆ టైములోనే. తొమ్మిది దాటితే చేత్తో పట్టుకోలేం. నిచ్చెన తలని స్తంభానికి తాడుతో కట్టాకే మనిషి ఎక్కాలని లైన్‌మన్ అన్న ముందురోజే చెప్పి పోయాడు.

క్లాంపుల దగ్గర అరగంట పోయింది. తీగని కొక్కెం చుట్టూ తిప్పి, కొస వెనక్కి మడిచి యు క్లాంపులు బిగించాలి, ఒక్కో చివరకి మూడు. క్లాంపులో రెండు భాగాలుంటాయి: వంకీ కడ్డీ, దాని కింద గాడి పెట్టిన దిమ్మ. గాడి దిమ్మ భారం మోసే పొడుగు తీగ వైపు ఉండాలి, వంకీ కడ్డీ తెగిన కొస వైపు ఉండాలి. తిరగేసి పెడితే కడ్డీ మోసే తీగనే నలిపేస్తుంది. ఇది హార్డ్‌వేర్ షాపులో ఎవరూ చెప్పరు. మా బావమరిది వచ్చి అప్పటికే బిగించినవాటిని తిప్పించాడు.

ఆ తర్వాత జరిగిందే ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద వాదన. టర్న్ బకిల్, అంటే తీగని బిగించే మర, తిప్పి పై తీగని కుర్రాళ్లు వీణ తీగలా బిగించబోయారు. మా బావమరిది ఒద్దన్నాడు. అందరూ వాణ్ని చూసి నవ్వారు. వదులుగా కడితే ఎగిరిపోదా?

బట్టలారేసే తీగ మీద తడి దుప్పటి వేయండి. తీగ కాస్త సాగి వంగితే గుంజల మీద పెద్ద భారం పడదు. అసలు వంగకూడదని బిర్రుగా లాగితే అదే దుప్పటికి గుంజ ఒరుగుతుంది. గాలికీ అదే లెక్క, దుప్పటి బరువు కిందికి, గాలి బరువు పక్కకి. పై తీగ మోసేది అరవై ఏడు కిలోలనుకుందాం, స్తంభాల మధ్య ఇరవై మూడడుగులు. గాలికి తీగ మధ్యలో అర అడుగే బొజ్జ వస్తే తీగలో లాగుడు దాదాపు 380 కిలోలు. అడుగున్నర రానిస్తే 130. అదే గాలి, అదే బ్యానర్. బిగించినకొద్దీ మనమే స్తంభాల్ని మూడింతలు లాగుతున్నాం. కాని మరీ వదిలేస్తే రెపరెపలాడుతుంది, ఆ కొట్టుకోవడం తోపు కంటే చెడ్డది. అంచుల దగ్గర మడతపడి మడతపడి పగులుతుంది. కాబట్టి తీగ వదులు, గుడ్డ మాత్రం తీగ మీద ముడతల్లేకుండా పరిచి ఉండాలి. పక్కల అంచులకి తాడు వద్దని పాత సైకిల్ ట్యూబుని పట్టీలుగా కోసి, అడుగున్నరకొకటి స్తంభానికి కట్టాం. గాలి తోస్తే ట్యూబు సాగుతుంది, తగ్గితే బ్యానర్‌ని వెనక్కి లాగుతుంది. ట్యూబుల ఆలోచన మాత్రం షామియానా తాతది.

పనయ్యేసరికి ఎనిమిదయింది. దూరం నుంచి చూస్తే కింది అంచు మధ్యలో కొద్దిగా జారినట్టు కనిపిస్తుంది. వచ్చేపోయేవాళ్లందరూ ఆగి "ఏమప్పా, సాగిపోయింది, బిగించండి" అనడమే. జవాబు చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఎవరైనా బిగిస్తారేమోనన్న భయం నాకు గాలి భయంకంటే ఎక్కువైంది. టర్న్ బకిల్స్‌కి బైండింగ్ వైరు చుట్టేశాను.

జూలై 3, గురువారం మధ్యాహ్నం మూడుకి మొదలైంది. దుమ్ము లేచి కొండల మీద గాలిమరలు కూడా మసగ్గా కనిపించాయి. నేను షాపు మూసి బండి మీద వచ్చేసరికి చెరువు గట్టు మీద కుర్రాళ్లంతా కూర్చొని ఉన్నారు, క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు. బ్యానర్ మొత్తం తూర్పుకి ఉబ్బింది. పోయినేడు విన్న టపటప లేదు. తీగలు సన్నగా మూలిగినట్టు ఒకటే శబ్దం, గాలి పెరిగితే ఆ శబ్దమూ పెరుగుతుంది. నాకు కాళ్లలో వణుకు. బ్యానర్ పోతుందని కాదు. ఆ పైపు వంగి ఎవడి మీద పడుతుందోనని. 2024 మేలో ముంబయి ఘాట్కోపర్‌లో హోర్డింగ్ కూలి పదిహేడు మంది చనిపోయిన వీడియోలు మనందరం చూసినవే. అక్కడి 120 అడుగుల హోర్డింగ్ ఎక్కడ, మా ఫ్లెక్సీ ఎక్కడ. అయినా కడుపులో భయానికి సైజుతో పనేముంది? కుర్రాళ్లని అందరినీ లేపి పడమటి పక్కకి, గాలికి ఎదురు వైపుకి పంపాను.

ఏడింటికి గాలి కాస్త తగ్గాక టార్చి వేసుకొని చూశాం. ఉత్తరం వైపు కింది మూల ట్యూబు పట్టీలు రెండు తెగాయి. ఫ్లెక్సీ మీద గీత కూడా లేదు. వాటి స్థానంలో కొత్తవి కట్టడానికి పది నిమిషాలు. నేను ఊహించనిది స్టే వైర్ల దగ్గర కనిపించింది. గాలికి ఎదురుగా ఉన్న స్టే రెండూ వదులయ్యాయి. రాయి కదిలిందేమోనని గుండె గుభేలుమంది. కాదు, క్లాంపు నట్లు. కొత్త వైరు రోపు మొదటిసారి బరువు పడగానే నలిగి కాస్త సన్నబడుతుందట, నట్లు మళ్లీ బిగించాల్సిందే. తొలి గాలి తర్వాత స్పానర్ పట్టుకొని క్లాంపులన్నీ ఒకసారి తిరిగి బిగించడం తప్పనిసరి అని మా బావమరిది ఫోన్లో చెప్పాడు. ముందే చెప్తే ఏం పోయిందిరా అంటే, అడగలేదు కదా బావా అన్నాడు.

ఇంకో సంగతి చీకట్లోనే తెలిసింది. స్టే తీగలు రాత్రి కనపడవు. మరుసటి రోజు ఒక పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చి మెడకి తగిలించుకోబోయాడు, వాళ్ల నాయన పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. వెంటనే ఎర్ర గుడ్డ పేలికలు, యూరియా సంచి ముక్కలు కట్టాం. మీరు కట్టేటట్టయితే మొదటి రోజే కట్టండి.

పండుగ బాగా జరిగింది. 5 రాత్రి గుండం, 6న పీర్లు జలధికి పోవడం, అంతా అయ్యేదాకా బ్యానర్ అక్కడే ఉంది. ఈసారి బ్యానర్ కింద నిలబడి ఫొటోలు దిగారు జనం.

దించడం కూడా తెల్లారుజామునే పెట్టుకున్నాం. కింది తీగ ముందు విప్పుదామని కుర్రాళ్లు. అది విప్పితే పై తీగ మీద మొత్తం జెండాలా లేస్తుంది, నిచ్చెన మీద ఉన్నవాణ్ని కొడుతుంది. పై తీగ రెండు కొసలకీ నైలాన్ తాడు వేసి, టర్న్ బకిల్ విప్పి, రెండు పక్కలా ఒకేసారి మెల్లగా వదిలాం. ఫ్లెక్సీ దాని మీద అదే మడతపడుతూ కింది తీగ మీదికి దిగింది. పదిహేను నిమిషాల పని.

ఖర్చు మొత్తం తొమ్మిది వేల నాలుగొందల ఇరవై. అందులో ఫ్లెక్సీ, మడతలకి మూడువేల ఏడొందలు. వైరు రోపు యాభై మీటర్లు రెండు వేలు, క్లాంపులు ఏడొందల ఇరవై, టర్న్ బకిల్స్ నాలుగొందల నలభై, వెల్డింగ్ పన్నెండొందలు, మిగతాది సిమెంటు, ఇసుక, కంకర. క్లాంపులకి అంతవుతుందని నేననుకోలేదు. తీగకి ఎన్ని కొసలుంటే దానికి మూడింతలు కావాలి, ముందే లెక్కపెట్టుకోండి. పైపులకి, రాళ్లకి, కూలికి పైసా లేదు. ఒకపూట బిర్యానీ లెక్కలో రాయలేదు. ఫ్లెక్సీ ఒక్కటే ఏటా మారేది, మిగతా అంతా మళ్లీ వాడుకోవచ్చు. దించిన ఫ్లెక్సీ కోసం ముగ్గురు పోటీ పడ్డారు. చివరికి వరిగడ్డి వామి మీదికి పోయింది.

స్తంభాలు అక్కడే ఉన్నాయి. ఆగస్టు 27న వినాయక చవితికి మాకివ్వండని అప్పుడే వేరే కుర్రాళ్లు వచ్చి అడిగారు. ఇస్తామన్నాం. ఇరవై ఎనిమిది కంటే పెద్దది కట్టకూడదు, క్లాంపులు, తీగలు మా ముందరే బిగించాలి అన్నాం. ఇరవై ఎనిమిదంటే ఇరవై ఎనిమిది అడుగుల పొడవా అన్నాడు ఒకడు. ఇరవై, ఎనిమిది అని కాగితం మీద రాసిచ్చి పంపాను.